సెలవు లేని కొత్త ఉద్యోగి - జాక్ కిల్బీ



ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక గొప్పవారి జీవితం గురించి రాయమని మన కార్యదర్శి గారు కబురు చేసినప్పుడు నేను కొంచెం వెనకాడాను. దేశనాయకుల గురించీ, కవుల గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను 1971లో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, 2007లో సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసినవల్లా ఫైళ్లు, రిజిస్టర్లు, సెలవు నిబంధనలు. కాబట్టి ఒక సెలవు నిబంధన పుణ్యమా అని ప్రపంచానికి మహోపకారం చేసిన ఒక మనిషి గురించి రాస్తాను. ఆయన పేరు జాక్ కిల్బీ. అమెరికా దేశస్థుడు. 2005 జూన్ 20న, తన 81వ ఏట కన్నుమూశారు.

ఆయన పేరు మన ఇళ్లలో ఎవరూ తలుచుకోరు. కానీ ఆయన చేసిన వస్తువు లేని ఇల్లు లేదు. పింఛను జమ అయిందని టింగుమనే ఫోనులోనూ, రక్తపోటు చూసుకునే మిషనులోనూ, మన చెవికి పెట్టుకునే యంత్రంలోనూ, ఏడాదికోసారి బతికే ఉన్నామని రుజువు చేసుకోవడానికి వేలు పెట్టే పరికరంలోనూ ఉన్నది అదే. దానిని మన పిల్లలు చిప్పు అంటారు. మా మనవడు హైదరాబాదులో ఈ చిప్పుల డిజైను ఉద్యోగం చేస్తున్నాడు. వాడు చేసేదేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పమని కూర్చోబెట్టుకుంటే ఆ కథ కిల్బీ గారి దగ్గరకు దారి తీసింది. చదివి తెలుసుకున్నదీ, వాడి వల్ల తెలుసుకున్నదీ కలిపి మీ ముందు పెడుతున్నాను.

మూడు మార్కులు

కిల్బీ 1923 నవంబరు 8న మిస్సోరీ రాష్ట్రంలోని జెఫర్సన్ సిటీలో పుట్టారు. పెరిగింది కాన్సాస్ రాష్ట్రంలోని గ్రేట్ బెండ్ అనే చిన్న ఊళ్లో. తండ్రి ఆ ప్రాంతానికి కరెంటు సరఫరా చేసే ఒక చిన్న కంపెనీ నడిపేవారు. కిల్బీ హైస్కూల్లో ఉండగా పెద్ద మంచుతుఫాను వచ్చి కరెంటు తీగలూ టెలిఫోను తీగలూ తెగిపడ్డాయి. అప్పుడు తండ్రి, సరదాకు రేడియో సెట్లు నడుపుకునే వారి సాయంతో దూరప్రాంతాల్లోని ఖాతాదారుల యోగక్షేమాలు కనుక్కున్నారు. తీగలన్నీ తెగిపోయినా మాట చేరవేసిన ఆ రేడియో కుర్రవాడి మనసులో నాటుకుపోయింది. తన జీవితం ఎలక్ట్రానిక్సుకే అని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

అందుకు పేరుపడ్డ చదువు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో ఉండేది. 1941లో ప్రవేశ పరీక్ష రాశాడు. 500 మార్కులు రావాలి. 497 వచ్చాయి. మూడు మార్కులతో సీటు పోయింది. మనలో ఎందరు సర్వీసు కమిషన్ పరీక్షల్లో ఒకటి రెండు మార్కులతో వెనకబడి, జీవితాంతం ఆ లెక్క మరిచిపోకుండా ఉన్నారో నాకు తెలుసు. నేనూ అందులో ఒకణ్ణి. కిల్బీ ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. నాలుగు నెలలు తిరక్కుండా అమెరికా రెండో ప్రపంచ యుద్ధంలోకి దిగింది. కొంతకాలానికి అతను సైన్యంలో చేరవలసి వచ్చింది.

ఇక్కడ మనకు ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది. సైన్యం అతణ్ణి పంపించింది మన దేశానికే. ఈశాన్య భారతంలో ఒక తేయాకు తోటలోని సైనిక స్థావరంలో రేడియోలు బాగుచేసే పని అప్పగించారు. అడవుల్లో తిరిగే వారికి సైన్యం ఇచ్చే రేడియోలు మోయలేనంత బరువు. అందుకని కలకత్తా వెళ్లి బజారులో దొరికిన విడిభాగాలు కొనుక్కొచ్చి, తేలికైన సెట్లు తామే బిగించుకునేవారు. పరికరం చిన్నదయితేనే మనిషికి పనికొస్తుందన్న పాఠం కిల్బీకి కొంతవరకైనా మన నేల మీద అబ్బిందనుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది.

అంకెల బెడద

యుద్ధం ముగిశాక కిల్బీ 1947లో పట్టా పుచ్చుకుని మిల్వాకీ నగరంలో సెంట్రాలాబ్ అనే కంపెనీలో చేరారు. 1948లో బార్బరా గారితో పెళ్లయింది. పగలు ఉద్యోగం, సాయంత్రం చదువు చేసుకుంటూ 1950లో మాస్టర్సు పూర్తిచేశారు.

ఆయన కాలేజీలో నేర్చుకున్నది వాక్యూం ట్యూబుల గురించి. మన పాతకాలపు రేడియోల్లో ఎర్రగా వెలిగే గాజు బుడ్లు గుర్తున్నాయి కదా, అవే. ఆయన పట్టా పుచ్చుకున్న 1947 చివర్లోనే బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టింది. ఇది చిన్న స్విచ్చు లాంటిది. వేడెక్కదు, పగలదు, కొద్ది కరెంటుతో పనిచేస్తుంది. మనం ట్రాన్సిస్టరు అని ముద్దుగా పిలుచుకున్న చేతి రేడియోకు ఆ పేరు దీనివల్లే వచ్చింది. చదివిన చదువు చేతికొచ్చేసరికే పాతబడిపోయిందని కిల్బీ చింతించలేదు. 1952లో బెల్ ప్రయోగశాల వారు పెట్టిన శిక్షణకు వెళ్లి కొత్త విద్య నేర్చుకొచ్చారు.

ట్రాన్సిస్టరు వచ్చాక ఇంజనీర్ల ఊహలకు రెక్కలొచ్చాయి కానీ చేతులు కట్టేసినట్టయింది. 1960లో వచ్చిన కంట్రోల్ డేటా 1604 అనే కంప్యూటరులో సుమారు 25,000 ట్రాన్సిస్టర్లు ఉండేవి. వాటికి తోడు మరెన్నో రకాల విడిభాగాలు. ప్రతిదాన్నీ మనిషి చేత్తో పట్టుకుని, తీగ కలిపి, సీసంతో అతకాలి. ఒక్క అతుకు వదులైతే యంత్రమంతా ఆగిపోతుంది. దీనినే ఆ రోజుల్లో అంకెల నిరంకుశత్వం అన్నారు.

మన భాషలో చెప్పాలంటే, ఒక్కో గుమాస్తా ఒక్కో భవనంలో కూర్చున్న కచేరీని ఊహించుకోండి. ప్రతి కాగితాన్నీ బంట్రోతు ఎండలో నడుచుకుంటూ మోసుకెళ్లాలి. గుమాస్తాలు ఎంత చురుకైనవారైతే ఏం లాభం? ఆలస్యమంతా నడకలో ఉంది, తప్పులన్నీ మోతలో ఉన్నాయి. చిక్కు ట్రాన్సిస్టరులో లేదు, ట్రాన్సిస్టర్లను కలపడంలో ఉంది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకోండి. మా మనవడి దాకా సాగే కథ ఇదే.

అందరూ సెలవులో ఉన్నప్పుడు

1958 మేలో కిల్బీ కుటుంబంతో డల్లాస్ నగరానికి మారి టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కంపెనీలో చేరారు. ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. జూలైలో ఉద్యోగులందరూ ఒకేసారి సెలవు పుచ్చుకోవాలి. కిల్బీ చేరి రెండు నెలలే అయింది. ఆయన ఖాతాలో ఆర్జిత సెలవు ఇంకా జమపడలేదు. సెలవు ఖాతాలు రాసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. ఊరంతా సెలవులో ఉంటే ఆయన ఒక్కరే ఖాళీ ప్రయోగశాలలో కూర్చున్నారు.

ఆయనకు తొందర కూడా ఉంది. అప్పట్లో కంపెనీ మైక్రో మాడ్యూల్ అనే పథకం మీద పనిచేస్తోంది. విడిభాగాలన్నిటినీ ఒకే కొలతలో చేసి ఒకదానికొకటి బిగించే పద్ధతి అది. కిల్బీకి అది నచ్చలేదు. అందులో అతుకుల సంఖ్య తగ్గదు. సెలవులు ముగిసి పైఅధికారులు రాగానే తననూ ఆ పనిలో వేస్తారని ఆయనకు తెలుసు. అంతలోపలే ఇంకో దారి చూపించాలి.

ఆలోచించగా ఆయనకు తట్టింది ఇది. ట్రాన్సిస్టరును జెర్మేనియం, సిలికాన్ వంటి పదార్థాలతో చేస్తారు. రెసిస్టర్లు, కెపాసిటర్లు వంటి మిగతా భాగాలను చవకరకం వస్తువులతో విడిగా చేస్తారు. చవకగా అయ్యే పనికి ఖరీదైన పదార్థం ఎవరైనా వాడతారా? అందుకే ఆ వైపు చూడాలని ఎక్కువమందికి తోచలేదు. కిల్బీ చూశారు. అన్ని భాగాలనూ ఒకే పదార్థంతో చేయగలిగితే అన్నిటినీ ఒకే ముక్కలో చేయవచ్చు. అప్పుడు విడివిడిగా చేసి అతికించే పనే ఉండదు. గుమాస్తాలందరినీ ఒకే కప్పు కిందకు తేవడం అన్నమాట. 1958 జూలై 24న ఆ ఆలోచనను బొమ్మలతో సహా తన నోటుపుస్తకంలో రాసుకున్నారు.

సెలవుల నుంచి వచ్చిన అధికారికి పుస్తకం చూపించారు. ముందు చేసి చూపించమన్నారు. సెప్టెంబరు 12న అధికారుల ఎదుట ఆ వస్తువును బల్ల మీద పెట్టారు. గాజు పలక మీద అతికించిన జెర్మేనియం ముక్క, పొడవు అంగుళంలో సగానికి తక్కువ. చుట్టూ సన్నని తీగలు పొడుచుకొచ్చి చూడటానికి అందంగా లేదు. స్విచ్చు వేశారు. తెర మీద కరెంటు అల సాఫీగా కదిలింది. ఒకే ముక్కలో చేసిన మొట్టమొదటి సర్క్యూటు పనిచేసింది. అప్పటికి కిల్బీ వయసు 34.

ఒక్క మాట తేడా

కిల్బీ పనిలో ఒక లోపం మిగిలింది. భాగాలన్నీ ఒకే ముక్కలో ఉన్నా, వాటి మధ్య తీగలను మాత్రం సన్నని బంగారు తీగతో చేత్తోనే కలిపారు. గుమాస్తాలు ఒకే కప్పు కిందకు వచ్చారు కానీ కాగితాలు మోసే బంట్రోతు మాత్రం మిగిలాడు.

ఆ లోపాన్ని తీర్చినవారు కాలిఫోర్నియాలో ఫెయిర్‌చైల్డ్ కంపెనీలో ఉన్న రాబర్ట్ నోయిస్. అదే కంపెనీలో జాన్ హోర్నీ అనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు సిలికాన్ పైన గాజు వంటి పొరను రక్షణగా వదిలేసే పద్ధతి కనిపెట్టారు. ఆ పొర మీదే అల్యూమినియం గీతలను ముద్రించినట్టు పరిస్తే, చేత్తో తీగలు కలిపే పనే ఉండదని నోయిస్ 1959 జనవరిలో తన పుస్తకంలో రాసుకున్నారు. కిల్బీ పని గురించి ఆయనకు అప్పటికి తెలియదు.

ఇక దరఖాస్తుల కథ. కిల్బీ తరఫున పేటెంటు దరఖాస్తు 1959 ఫిబ్రవరి 6న దాఖలైంది. నోయిస్ తరఫున అదే ఏడాది జూలై 30న. ముందు పెట్టిన దరఖాస్తు వెనకబడి, వెనక పెట్టినదానికి 1961 ఏప్రిల్‌లో మంజూరు వచ్చింది. కిల్బీకి 1964 జూన్‌లో గానీ రాలేదు. ఇన్‌వర్డ్ నంబరు ముందున్న ఫైలు వెనక పడటం మన కచేరీల్లోనే కాదు, అక్కడా ఉందని తెలిసి నాకు నవ్వొచ్చింది.

వ్యాజ్యం ఏళ్ల తరబడి సాగింది. చివరికి తేలింది ఒక్క మాట మీద. బంగారాన్ని ఆ పొర మీద పరుస్తారని కిల్బీ దరఖాస్తులో ఉంది. పరచడమంటే అతుక్కుని ఉండటమేనా కాదా అన్నది ప్రశ్న. బొమ్మలో చూస్తే తీగలు గాలిలో ఉన్నాయి. 1969లో అప్పీలు కోర్టు నోయిస్ వైపు తీర్పు చెప్పింది. డ్రాఫ్టులో ఒక్క మాట సరిగ్గా పడకపోతే ఎంత పని జరుగుతుందో మనకు తెలుసు. అయితే తీర్పు వచ్చేనాటికే రెండు కంపెనీలూ 1966లో రాజీపడి, ఒకరి హక్కులను ఒకరు వాడుకుంటున్నాయి. కిల్బీ, నోయిస్ మాత్రం మొదటినుంచీ ఒకరినొకరు తప్పుపట్టలేదు. ఇద్దరి పేరూ కలిపి చెప్పడమే న్యాయమని ఇంజనీర్లు నిర్ణయించుకున్నారు.

మొదట్లో ఈ చిప్పులు చాలా ఖరీదు. క్షిపణులకూ, చంద్రుడి మీదకు వెళ్లే అపోలో నౌకల కంప్యూటర్లకూ అమెరికా ప్రభుత్వం కొన్నందువల్లే పరిశ్రమ నిలబడింది. మామూలు మనిషికి పనికొచ్చేది ఏదైనా చేయమని కంపెనీ అధ్యక్షుడు ప్యాట్రిక్ హాగర్టీ అడగగా, కిల్బీ మరో ఇద్దరితో కలిసి 1967లో చేతిలో పట్టే లెక్కల యంత్రం తయారుచేశారు. కేలుకులేటరు అని మనం పిలిచేది అదే. బరువు కిలోంబావు పైన. కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం చేసి కాగితపు పట్టీ మీద అచ్చు వేసేది. చేత్తో పిడి తిప్పే ఇనుప యంత్రంతో జమాబందీలు తేల్చిన నాకు, మొదటిసారి కేలుకులేటరు మీట నొక్కినప్పుడు ఒళ్లు జలదరించడం ఇంకా గుర్తుంది.

చిన్నదయ్యే కొద్దీ చిక్కులు

కిల్బీ ముక్కలో ఒక్క ట్రాన్సిస్టరు ఉంది. 1965లో గోర్డన్ మూర్ అనే ఆయన, చిప్పులో పట్టే భాగాల సంఖ్య ఏటేటా రెట్టింపవుతుందని లెక్క కట్టారు. 1975లో దానిని రెండేళ్లకోసారి అని సవరించారు. 1971లో ఇంటెల్ తెచ్చిన 4004 చిప్పులో 2,300 ట్రాన్సిస్టర్లు ఉంటే, 2020లో ఆపిల్ తెచ్చిన ఎం1 చిప్పులో 1,600 కోట్లు ఉన్నాయి. గోరంత జాగాలో!

ఇది సులువుగా జరగలేదు. 1974లో ఐబీఎం శాస్త్రజ్ఞుడు రాబర్ట్ డెనార్డ్ ఒక సూత్రం చెప్పారు. కొలతలతో పాటు వోల్టేజీని కూడా అదే నిష్పత్తిలో తగ్గిస్తే, ఎన్ని స్విచ్చులు ఇరికించినా వేడి పెరగదని. ముప్పై ఏళ్లు అది నడిచింది. 2005 ప్రాంతంలో ఆగిపోయింది. వోల్టేజీ ఒక హద్దు దాటి తగ్గదు. చిప్పులు వేడెక్కసాగాయి. అందుకే అప్పటినుంచి వేగం పెంచడం మాని, ఒకే చిప్పులో నాలుగైదు మెదళ్లు పెట్టడం మొదలుపెట్టారు.

ఇంకో చిక్కు కారడం. స్విచ్చులో కరెంటును ఆపే పొర అయిదారు పరమాణువుల మందానికి వచ్చేసింది. గోడ మరీ పల్చనైతే పక్క గదిలో మాటలు వినిపించినట్టు, ఆపేసిన స్విచ్చులోంచి కరెంటు జారిపోయేది. 2007లో హాఫ్నియం అనే లోహంతో చేసిన మందపాటి పొర వాడి దానిని కొంత అదుపు చేశారు. తరువాత స్విచ్చు ఆకారమే మార్చారు. నీళ్ల రబ్బరుగొట్టాన్ని ఒకవైపునుంచి వేలితో నొక్కితే పూర్తిగా ఆగదు, పిడికిట బిగిస్తే ఆగుతుంది. అలాగే 2011లో మూడువైపుల నుంచి బిగించే స్విచ్చును ఇంటెల్ ప్రకటించింది. 2022లో నాలుగువైపులా చుట్టుకునే స్విచ్చును సామ్‌సంగ్ ఉత్పత్తి చేసింది.

అంత సన్నని గీతలు గీయడానికి మామూలు కాంతి పనికిరాదు. నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ కంపెనీ యంత్రాల్లో కరిగిన తగరపు బొట్లను సెకనుకు యాభైవేల చొప్పున లేజరుతో పేల్చి, 13.5 నానోమీటర్ల తరంగాల కాంతిని పుట్టిస్తారు. నానోమీటరంటే మీటరులో నూరుకోట్లవ వంతు. ఇలాంటి కర్మాగారం ఒక్కటి కట్టాలంటే వెయ్యి కోట్ల డాలర్లు దాటుతుంది. ఇంకో మాట. ఈ మధ్య మూడు నానోమీటర్ల చిప్పు, రెండు నానోమీటర్ల చిప్పు అని పేపర్లలో రాస్తున్నారు. అది నిజం కొలత కాదని మా మనవడు చెప్పాడు. హోదాకు పెట్టిన పేరు మాత్రమే, లోపలి భాగాలు అంతకంటే చాలా పెద్దవి.

వాడి రోజులో ఎక్కువ భాగం దేనికి పోతుందని అడిగాను. స్విచ్చుల గురించి అనుకున్నాను. కాదన్నాడు, వాటి మధ్య తీగల గురించేనట. తీగ సన్నబడే కొద్దీ కరెంటుకు అడ్డు పెరుగుతుంది. 1997లో ఐబీఎం అల్యూమినియం బదులు రాగి తీగలు ప్రకటించినా ఆ చిక్కు మళ్లీ ముందుకొచ్చింది. గోరంత చిప్పులో అంతస్తుల మీద అంతస్తులుగా కిలోమీటర్ల కొద్దీ తీగ ఉంటుంది. కబురు అనుకున్న క్షణానికి చేరకపోతే లెక్క తప్పుతుంది. అందుకని కరెంటు తీగలను చిప్పు వెనకవైపుకు మార్చే పద్ధతి 2025లో ఇంటెల్ ఉత్పత్తిలోకి వచ్చింది. మరికొందరు పెద్ద చిప్పును చిన్న ముక్కలుగా చేసి, పక్కపక్కనా ఒకదానిపై ఒకటిగా పేర్చి కలుపుతున్నారు. అంటే ఒకే కప్పు కిందకు వచ్చిన కచేరీ మళ్లీ భవనాలుగా విడిపోయి, వాటి మధ్య వంతెనలు కట్టుకుంటోంది. 1958లో కిల్బీ ఎదుర్కొన్న ప్రశ్నే, కోట్లరెట్లు చిన్నదై మా మనవడి బల్ల మీద ఉంది.

పంచుకున్న పేరు

కిల్బీ 1970లో కంపెనీలో దీర్ఘసెలవు పెట్టి సొంతంగా పరిశోధనలు చేసుకున్నారు. 1978 నుంచి 1984 వరకు టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉన్నారు. భార్య ఆయనకంటే ముందే పోయారు. 1983లో పదవీ విరమణ చేశారు. ఆరడుగుల ఆరంగుళాల మనిషి, మితభాషి. అరవైకి పైగా పేటెంట్లు ఆయన పేరున ఉన్నాయి.

2000వ సంవత్సరంలో, 1958 నాటి పనికి గాను ఆయనకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి 77వ ఏడు. దాదాపు మన వయసు. నలభై రెండేళ్లు ఆలస్యమైన బకాయి అనుకోండి. నోయిస్ 1990 జూన్ 3న కాలం చేశారు. పోయినవారికి ఆ బహుమతి ఇవ్వరు. అయినా కిల్బీ తన ప్రసంగంలో నోయిస్‌ను తలుచుకుని, ఆయన ఉంటే ఇద్దరం పంచుకునేవాళ్లమని చెప్పారు. అలా చెప్పమని ఆయనను ఎవరూ అడగలేదు. చెప్పకపోయినా తప్పుపట్టేవారు లేరు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 1986 వేతన సవరణ వచ్చినప్పుడు, పాత జీతానికి ఎదురుగా కొత్త జీతం చూపే పట్టిక ఒకటి నేను పదిహేను రాత్రులు కూర్చుని తయారుచేశాను. అదే సమయంలో పక్క జిల్లాలో ఒక మిత్రుడు అలాంటిదే తయారుచేశాడు. పైకి వెళ్లింది ఆయన పట్టిక, సైక్లోస్టైల్ తీసి పంచింది ఆయన పేరున. నాది ఆయనకెవరో చేరవేశారని నమ్మి, పదిహేడేళ్లు ఆయనతో మాట్లాడలేదు. 2003లో ఆయన పోయినప్పుడు కూడా వెళ్లలేదు. ఆ తరువాత ఆయన చేతిరాత ప్రతి ఒకటి నా కంటబడింది. అందులో నిలువు వరసలు వేరు, లెక్కించిన దారి వేరు. ఆయన ఎవరిదీ చూసి రాయలేదు. ఒకే అవసరం ఇద్దరు గుమాస్తాలను ఒకే పనికి పురికొల్పింది, అంతే. పైగా ఆయన దారి నాదానికన్నా సులువు.

ఈ మాట ఆయన ఉండగా చెప్పవలసినది. చెప్పలేదు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ సంచిక ఆయన ఇంటికీ వెళుతుంది, చదివిన వారికి తెలుస్తుంది. ఆ పట్టిక ఆయనదే, నాకంటే బాగా చేశారు.

మనలో ఇలాంటి పాత బకాయిలు ఉన్నవారు ఇంకా ఉంటారు. ఎదుటివారు బతికి ఉండగానే తీర్చుకోండి. సెలవు.